ఆల్గారిథమ్స్, కాంబినటోరియల్ ఆప్టిమైజేషన్‌లో ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ: విజయవాడ, గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కళాశాలల్లో బీటెక్, ఎంటెక్, ఎమ్మెస్సీ చదువుతూ, సిద్ధాంతపరమైన కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేయాలని ఉన్నా అన్నేళ్ల ఖర్చు ఎవరు భరిస్తారో తెలియక ఆగిపోతున్న విద్యార్థుల కోసం ఈ ప్రశ్నలూ సమాధానాలూ సిద్ధం చేశాం. స్టైపెండ్ మొత్తాలు, అర్హత నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి, దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి అధికారిక ప్రకటనను స్వయంగా చదవడం తప్పనిసరి.

ఈ రంగంలో అసలు ఏం పరిశోధిస్తారు?

ఒక ఉదాహరణతో మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది. విజయవాడలో బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగ్, పటమట వంటి కూడళ్లలో నిఘా కెమెరాలు పెట్టాలనుకుందాం. రెండు కూడళ్లను కలిపే ప్రతి రోడ్డుకూ కనీసం ఒక చివర కెమెరా ఉండాలి, మొత్తం కెమెరాలు మాత్రం వీలైనన్ని తక్కువ ఉండాలి. కూడళ్లు 100 ఉన్నాయంటే, వాటిలో ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు అన్న ఎంపికలు 31 అంకెల సంఖ్యంత అవుతాయి. అన్నింటినీ ఒక్కొక్కటిగా సరిచూడడం ఎంత వేగవంతమైన కంప్యూటర్‌కైనా సాధ్యం కాదు. ఇలా లెక్కకు పరిమితమే అయినా ఆచరణలో లెక్కపెట్టలేనన్ని అమరికల నుంచి ఉత్తమమైనదాన్ని వెతకడమే కాంబినటోరియల్ ఆప్టిమైజేషన్. కూడళ్లు, వాటిని కలిపే రోడ్ల వంటి అమరికను గ్రాఫ్ అనీ, ఆ రోడ్లను దాని అంచులనీ అంటారు; పై సమస్యకు వెర్టెక్స్ కవర్ అని పేరు.

దీనికి చాలా సులువైన ఒక పద్ధతి ఉంది. ఏ చివరా కెమెరా లేని రోడ్డు ఏదైనా ఒకటి తీసుకుని, దాని రెండు చివరలా కెమెరాలు పెట్టాలి. అలాంటి రోడ్డు ఇంకేదీ మిగలనంత వరకు ఇదే పని మళ్లీ మళ్లీ చేయాలి. అవసరం లేని చోట కూడా రెండేసి కెమెరాలు పెడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, మనం ఎంచుకున్న రోడ్లలో ఏ రెండింటికీ ఉమ్మడి కూడలి ఉండదు. అందువల్ల ఎంతటి నిపుణుడు గీసిన ప్రణాళికలోనైనా ఆ రోడ్లలో ఒక్కోదానికి కనీసం ఒక్కో కెమెరా వేరుగా ఉండి తీరాలి. అంటే మన కెమెరాల సంఖ్య ఉత్తమ సమాధానానికి రెట్టింపును ఎప్పటికీ మించదు. ఉత్తమ సమాధానం ఏమిటో తెలియకుండానే దానికి రెట్టింపు లోపలే ఉన్నామని నిరూపించగలగడం ఈ రంగపు పద్ధతిని బాగా చూపిస్తుంది.

ఇక పరిశోధన ఎక్కడ మొదలవుతుందో చూడండి. రెట్టింపు అన్న ఈ హామీని, అన్ని రోడ్డు పటాలకూ వర్తించేలా, 2 కంటే నికరంగా తక్కువైన ఒక స్థిర సంఖ్యకు దించే వేగవంతమైన ఆల్గారిథమ్ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త సుభాష్ ఖోట్ 2002లో ప్రతిపాదించిన, ఇంకా నిరూపణ కాని యూనిక్ గేమ్స్ కంజెక్చర్ (ఊహ) నిజమైతే అలాంటిది దొరకనే దొరకదు. మరోవైపు, కావలసిన కెమెరాల సంఖ్య చిన్నదైతే కచ్చితమైన సమాధానాన్నే వేగంగా కనుక్కోవచ్చని పారామిటరైజ్డ్ ఆల్గారిథమ్స్ అనే శాఖ చూపిస్తుంది. ఒకే ప్రశ్న మీద ఇన్ని దారులున్నాయి. మీ పీహెచ్‌డీ వీటిలో ఏదో ఒక దారిలో కొన్ని అడుగులు ముందుకు వేయడమే.

కాగితం మీద నిరూపణలు రాసే పనికి ప్రభుత్వాలు, సంస్థలు డబ్బు ఎందుకు ఇస్తాయి?

ఆ నిరూపణలు కాగితం మీదే ఆగిపోవడం లేదు కాబట్టి. ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లను 2015 నుంచి ఉమ్మడిగా కేటాయిస్తున్న జోసా కౌన్సెలింగ్ వెనుక, 1962లో గణిత శాస్త్రవేత్తలు గేల్, షాప్లీ ప్రచురించిన, ఇరుపక్షాల ప్రాధాన్యాలను బట్టి జతలు కుదిర్చే ఆల్గారిథమ్ భావనే ఉంది. ఏటా మన రెండు నగరాల్లోని కోచింగ్ కేంద్రాల నుంచి వేలమంది ఆప్షన్లు పెట్టుకునేది దానికే. విమానయాన సంస్థల సిబ్బంది డ్యూటీలు, చిప్‌ల లోపల తీగల అమరిక, గిడ్డంగి నుంచి ఇంటికి సరుకు చేరే మార్గం అన్నీ ఈ కోవలోని సమస్యలే.

అయితే మీరు చేసే ప్రతి పనికీ వెంటనే ఉపయోగం కనిపించాలని ఎవరూ అడగరు. చెన్నై, ముంబై, బెంగళూరుల్లోని ప్రధాన సంస్థలు మౌలిక పరిశోధనకే ఫెలోషిప్ ఇస్తాయి. ప్రయోగశాల, యంత్రాలు అవసరం లేని శాఖ కావడంతో ఇక్కడ ఖర్చంతా దాదాపు మనిషి మీదే. అందుకే ఈ రంగంలో పూర్తికాలం చేస్తూ, ఫెలోషిప్ లేకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయమని మేము ఎవరికీ సలహా ఇవ్వం.

‘ఫండెడ్’ అని ప్రకటనలో ఉంటే సరిపోతుందా?

సరిపోదు. ఆ డబ్బు ఎవరిది, ఎన్నేళ్లు వస్తుంది, బదులుగా ఏ పని చేయాలి అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు ఉండాలి. మన దేశంలో డబ్బు ప్రధానంగా నాలుగు మార్గాల్లో వస్తుంది.

మొదటిది సంస్థ ఇచ్చే అసిస్టెంట్‌షిప్. ఐఐటీలు, ఎన్‌ఐటీలు కేంద్ర విద్యాశాఖ నిధులతో ఇచ్చేది ఇదే. దీనికి బదులుగా వారానికి కొన్ని గంటలు ట్యుటోరియల్స్ చెప్పడం, పేపర్లు దిద్దడం వంటి బోధన సహాయం చేయాలి. రెండోది మీరు పరీక్ష రాసి సొంతంగా సంపాదించుకునే ఫెలోషిప్. యూజీసీ నెట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇలాంటిది. ఇది మీ పేరు మీద ఉంటుంది కాబట్టి గైడ్‌ను, విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడంలో మీకు కొంత స్వేచ్ఛ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌లు కూడా ఈ తరగతిలోవే. మూడోది గైడ్‌కు వచ్చిన ప్రాజెక్టు నుంచి ఇచ్చే జేఆర్‌ఎఫ్. ఇందులోనే ఎక్కువమంది పొరబడుతున్నారు. ప్రాజెక్టు సాధారణంగా రెండు మూడేళ్లలో ముగుస్తుంది, పీహెచ్‌డీ మాత్రం అప్పటికి సగమే అయి ఉంటుంది. పైగా ప్రాజెక్టు ఉద్యోగంలో చేరినంత మాత్రాన పీహెచ్‌డీలో నమోదైనట్టు కాదు. ప్రాజెక్టు ముగిశాక స్టైపెండ్‌ను సంస్థ కొనసాగిస్తుందా, పీహెచ్‌డీ ప్రవేశానికి మళ్లీ ఇంటర్వ్యూ ఉందా అని చేరకముందే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. నాలుగోది పరిశ్రమ ఇచ్చే ఫెలోషిప్. గూగుల్, టీసీఎస్ వంటివి ఇచ్చేవి ఎక్కువగా అప్పటికే పీహెచ్‌డీలో ఉన్నవారికి కాబట్టి, చేరేటప్పుడు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

నెలకు ఎంత వస్తుంది? దానితో బతకవచ్చా?

2023 జనవరి 1 నుంచి అమలైన సవరణ ప్రకారం జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరవాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు. ఐఐటీల అసిస్టెంట్‌షిప్ కూడా ఇదే స్థాయిలో సాధారణంగా ఐదేళ్ల వరకు ఉంటుంది. జేఆర్‌ఎఫ్ ఉన్నవారికి హాస్టల్ ఇవ్వకపోతే నగర తరగతిని బట్టి ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద ఎంపికైనవారికి నెలకు 70,000 నుంచి 80,000 రూపాయలు, ఏటా 2 లక్షల పరిశోధన గ్రాంటు నిర్ణయించారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ (బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) లలో సాంకేతిక పరిశోధనకు ఐదేళ్లలో 10,000 ఫెలోషిప్‌లు ఇస్తామని ప్రకటించారు కాబట్టి, కొత్త నిబంధనలు చూసుకుని దరఖాస్తు చేయాలి.

క్యాంపస్ హాస్టల్లో, మెస్‌లో ఉండే ఒంటరి విద్యార్థికి 37,000 సరిపోతుంది, ఇంటికి కొంత పంపడానికీ మిగులుతుంది. కుటుంబంతో బెంగళూరులోనో ముంబైలోనో అద్దె ఇంట్లో ఉండాలంటే ఇబ్బందే. చదువు అప్పు వాయిదాలు కట్టాల్సినవారు ఆ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకో సంగతి, కొన్నిచోట్ల ఫెలోషిప్ విడుదల ఆలస్యమై రెండు మూడు నెలలది ఒకేసారి పడుతుంది. చేరేటప్పుడు చేతిలో కొంత సొమ్ము ఉంచుకోండి.

ఏయే ప్రవేశ పరీక్షలు రాయాలి?

కంప్యూటర్ సైన్స్ గేట్ తప్పక రాయండి. ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎమ్మెస్సీ గణితం వారు గణితం పేపరు రాయవచ్చు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్) కు జీఎస్ పేరుతో సొంత పరీక్ష ఉంది, అందులో కంప్యూటర్, సిస్టమ్ సైన్సెస్‌కు వేరే పేపరు ఉంటుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా సొంతంగా పరీక్ష పెట్టుకుంటుంది, పాత ప్రశ్నపత్రాలను తన వెబ్‌సైట్లో ఉంచుతుంది. ఆ పత్రాలు ఒకసారి చూస్తే గేట్‌కూ వీటికీ ఉన్న తేడా తెలుస్తుంది. గేట్ వేగాన్ని, విస్తృతిని పరీక్షిస్తే, ఈ పత్రాల్లోని కొన్ని ప్రశ్నలు ఓపికగా కూర్చుని నిరూపణ రాయగలరా అని చూస్తాయి.

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ ఫలితాలను మూడు తరగతులుగా ఇస్తున్నారు. వాటిలో ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అన్న తరగతిలో అర్హత పొందినవారికి ఫెలోషిప్ రాదు. అర్హత వచ్చిందన్న సంతోషంలో ఈ తేడాను గమనించక, చేరిన తరవాత స్టైపెండ్ ఎప్పుడు పడుతుందని అడిగేవారు ఉన్నారు.

మన దేశంలో ఈ రంగానికి మంచి చోట్లు ఏవి?

మన ప్రాంతానికి అందుబాటులో ఉన్నది చెన్నై. విజయవాడలో రైలెక్కితే ఆరేడు గంటల్లో చేరే ఆ నగరంలో తరమణిలోని ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఐటీ మద్రాస్ మూడూ ఉన్నాయి. పారామిటరైజ్డ్ ఆల్గారిథమ్స్‌లో ఐఎంఎస్‌సీకి అంతర్జాతీయంగా పేరుంది. ఒక సంస్థలో సెమినార్ జరిగితే మిగతా రెండు చోట్ల నుంచి విద్యార్థులు వెళ్లి వినగలిగిన దగ్గరతనం పెద్ద లాభం.

బెంగళూరులో ఐఐఎస్‌సీ కంప్యూటర్ సైన్స్ విభాగం, ముంబైలో టీఐఎఫ్‌ఆర్, ఐఐటీ బాంబే, ఉత్తరాన ఐఐటీ కాన్పూర్, ఢిల్లీ తరవాత చెప్పుకోవలసినవి. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యేనా అని వేగంగా, కచ్చితంగా తేల్చే ఆల్గారిథమ్‌ను 2002లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కున్నది కాన్పూర్‌లోనే. చివరి ఇద్దరూ అప్పుడే బీటెక్ పూర్తిచేసిన విద్యార్థులు. దగ్గరలో ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆపరేషన్స్ రీసెర్చ్ (సంస్థల నిర్ణయాలకు గణితాన్ని వాడే శాఖ) వైపు మొగ్గు ఉంటే ఐఐటీ బాంబేలోని ఐఈఓఆర్ (ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్) విభాగాన్ని, ఐఐఎంల డాక్టరల్ కార్యక్రమాలను కూడా చూడండి. ఐఐఎంలు స్టైపెండ్ ఇస్తాయన్న సంగతి మన కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

సంస్థ పేరు కంటే అక్కడ ఈ రంగంలో పనిచేసే అధ్యాపకులు ఎందరున్నారన్నది ముఖ్యం. ఒక్కరే ఉన్న చోట, వారు సెలవు మీద వెళ్లినా వేరే సంస్థకు మారినా విద్యార్థి ఒంటరివాడవుతాడు. ముగ్గురు నలుగురు ఉన్న బృందంలో ఆ ప్రమాదం తక్కువ.

విజయవాడ, గుంటూరుల్లోనే ఉంటూ పీహెచ్‌డీ చేయవచ్చా?

చేయవచ్చు, కానీ ఫెలోషిప్ సంగతి జాగ్రత్తగా చూడాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం సహా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలకు ఏపీఆర్‌సెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఉంది. అయితే సీటు వచ్చినంత మాత్రాన స్టైపెండ్ వచ్చినట్టు కాదు. జేఆర్‌ఎఫ్ వంటివి మీ దగ్గర ఉంటేనే అది నిజంగా నిధులున్న పీహెచ్‌డీ అవుతుంది. వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ, ఐనవోలులలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థులను తీసుకుంటాయి. అక్కడ దరఖాస్తు చేసేవారు ఫెలోషిప్ ఎన్నేళ్లు, ట్యూషన్ ఫీజు అందులోంచి మినహాయిస్తారా, వారానికి ఎన్ని గంటలు బోధించాలి అన్నవి ఆఫర్ లెటర్‌లో చూసుకోవాలి. బోధన భారం పూర్తికాలపు అధ్యాపకుడితో సమానంగా ఉంటే, నిరూపణల గురించి ఆలోచించడానికి మిగిలేది ఆదివారమే.

కళాశాలల్లో పనిచేస్తున్న అధ్యాపకులు పార్ట్‌టైమ్ గురించి అడుగుతున్నారు. పార్ట్‌టైమ్‌కు స్టైపెండ్ ఉండదు, జీతమే ఆధారం. అనుమతి దొరికితే, అధ్యాపకుల కోసం ఉద్దేశించిన ఏఐసీటీఈ క్యూఐపీ (నాణ్యత మెరుగుదల కార్యక్రమం) ద్వారా ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ప్రవేశాలు ఆ ఏడు ఉన్నాయేమో ముందుగా చూడడం మేలు.

బీటెక్ తరవాత నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చా, ఎంటెక్ చేయాలా?

నేరుగా వెళ్లవచ్చు. ఐఐఎస్‌సీ, టీఐఎఫ్‌ఆర్, పలు ఐఐటీలు బీటెక్ వారిని తీసుకుంటాయి. యూజీసీ 2022 నిబంధనలు కూడా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారికి పీహెచ్‌డీ ప్రవేశార్హత ఇచ్చాయి. కానీ మీ కళాశాలలో గ్రాఫ్ థియరీ, లీనియర్ ప్రోగ్రామింగ్, రాండమైజ్డ్ ఆల్గారిథమ్స్ ఏవీ చెప్పకపోయి ఉంటే, మంచి సంస్థలో ఎంటెక్ గానీ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ గానీ చేయడం కాలయాపన కాదు. యూరప్‌కు వెళ్లాలనుకునేవారికి ఎలాగూ మాస్టర్స్ దాదాపు తప్పదు.

విదేశాల్లో ఎలా ఉంటుంది?

దేశాన్ని బట్టి పద్ధతే వేరు. అమెరికాలో బీటెక్‌తోనే దరఖాస్తు చేయవచ్చు. గడువులు ఎక్కువగా డిసెంబరు మధ్యలో ఉంటాయి. ప్రవేశం వస్తే ట్యూషన్ మినహాయింపు, బోధన లేదా పరిశోధన అసిస్టెంట్‌షిప్ కలిపి ఇస్తారు. పూర్తి కావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఈ రంగం పేరుతోనే అక్కడ ప్రత్యేక కార్యక్రమాలున్నాయి. కార్నెగీ మెలన్‌లో 1989లో, జార్జియా టెక్‌లో 1991లో మొదలైన ఆల్గారిథమ్స్, కాంబినటోరిక్స్, ఆప్టిమైజేషన్ పీహెచ్‌డీలను గణితం, కంప్యూటర్ సైన్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ వైపుల అధ్యాపకులు కలిసి నడుపుతారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కాంబినటోరిక్స్, ఆప్టిమైజేషన్‌కు ఏకంగా ఒక విభాగమే ఉంది. మ్యాచింగ్ (గ్రాఫ్‌లోని బిందువులను వీలైనన్ని జతలుగా కలపడం) సమస్యకు 1965లో ఆల్గారిథమ్ ఇచ్చిన జాక్ ఎడ్మండ్స్ చాలాకాలం పనిచేసింది అక్కడే.

జర్మనీ, నెదర్లాండ్స్, నార్డిక్ దేశాల్లో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగం లాంటిది కాదు, ఉద్యోగమే. ఖాళీ ప్రకటిస్తారు, దానికి దరఖాస్తు చేస్తారు, ఒప్పందం రాసుకుంటారు, జీతం మీద పన్ను, ఆరోగ్య బీమా కోత ఉంటాయి. జర్మనీలో టీవీ-ఎల్ ఈ13 అన్న వేతన శ్రేణి కనిపిస్తుంది. దాని పక్కన 50 శాతమా, 75 శాతమా, 100 శాతమా అని రాసి ఉంటుంది, చేతికొచ్చేదాన్ని నిర్ణయించేది ఆ అంకే. సార్‌బ్రుకెన్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్, బాన్, నార్వేలోని బెర్గెన్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్, ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయాలు ఈ రంగానికి పేరున్న చోట్లు. ఖాళీలు ఏడాది పొడవునా వస్తాయి కాబట్టి అమెరికా దరఖాస్తుల్లా ఒకే కాలం ఉండదు. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్ కింద ఇచ్చే వాటికి, గడచిన మూడేళ్లలో ఆ దేశంలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదన్న నిబంధన ఉంది. మన దగ్గర నుంచి నేరుగా వెళ్లేవారికి ఇది అనుకూలమే.

దరఖాస్తు రుసుములు అమెరికాలో భారమవుతాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు అడిగితే మినహాయిస్తాయి కాబట్టి అడగండి. యూరప్‌లో చాలాచోట్ల అసలు రుసుమే ఉండదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? ఎలా సిద్ధం కావాలి?

నిర్వచనాలు అప్పజెప్పమని అడగరు. ‘ఒక ట్రీలో ఒకటి కంటే ఎక్కువ పర్ఫెక్ట్ మ్యాచింగ్‌లు ఉండవని నిరూపించండి’ అంటారు. ట్రీ అంటే అంతా కలిసి ఉండి, తిరిగి మొదటికి వచ్చే దారి (సైకిల్) లేని గ్రాఫ్; పర్ఫెక్ట్ మ్యాచింగ్ అంటే ప్రతి బిందువూ ఒకే ఒక జతలో ఉండేలా అంచులను ఎంచుకోవడం. రెండు వేర్వేరు మ్యాచింగ్‌లు ఉన్నాయనుకుని, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని అంచులన్నీ కలిపి చూస్తే ఒక సైకిల్ బయటపడుతుంది, ట్రీలో సైకిల్ ఉండదు, అంతే. నిరూపణ రెండు వాక్యాలే. కానీ మొదటి నిమిషంలో తట్టకపోతే, చిన్న ఉదాహరణ గీసి, ఎక్కడ ఇబ్బంది వస్తుందో పైకి చెబుతూ ఆలోచించే విద్యార్థికీ, మౌనంగా కూర్చునే విద్యార్థికీ మార్కుల్లో తేడా ఉంటుంది. తెలియనిది తెలియదని చెప్పడం వల్ల ఎవరూ సీటు పోగొట్టుకోరు, తెలిసినట్టు నటిస్తే పోగొట్టుకుంటారు.

డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, గ్రాఫ్ ఆల్గారిథమ్స్, ఎన్‌పీ-కంప్లీట్‌నెస్ (వేగవంతమైన పరిష్కారం ఉండదని నమ్మే సమస్యల సిద్ధాంతం) గట్టిగా రావాలి. లీనియర్ ప్రోగ్రామింగ్ డ్యువాలిటీ (ఒక కనిష్ఠ సమస్యకు జతగా ఉండే గరిష్ఠ సమస్యతో హద్దు నిరూపించడం) అర్థమైతే మిగతావారికంటే ఒక మెట్టు పైనుంటారు. పైన చెప్పిన కెమెరాల నిరూపణ కూడా లోతుగా చూస్తే డ్యువాలిటీయే. వీటన్నిటి మీదా ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వీడియోలు చూడడం చదువు కాదు. ప్రతి సిద్ధాంతాన్నీ పుస్తకం మూసి తెల్లకాగితం మీద మళ్లీ రాయగలగాలి. ఇక్కడి కోచింగ్ అలవాటుతో ఫార్ములాలు, షార్ట్‌కట్‌లు పోగేసుకున్నవారు ఈ మార్పుకు కనీసం ఏడాది సమయం ఇచ్చుకోవాలి.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ వంటివి బీటెక్, ఎమ్మెస్సీలో ఉండగానే దరఖాస్తు చేసుకోవచ్చు. రెండు నెలలు ఒక పరిశోధకుడి దగ్గర పనిచేస్తే, ఈ జీవితం మీకు నచ్చుతుందో లేదో మీకే తెలుస్తుంది. సిఫార్సు లేఖ దానికి తోడు.

మాది పేరున్న కళాశాల కాదు, ఒకటి రెండు సప్లీలు కూడా ఉన్నాయి. అవకాశం ఉందా?

ఉంది. రాత పరీక్ష ఉన్న ప్రతిచోటా మీ కళాశాల పేరు కంటే మీ జవాబు పత్రమే మాట్లాడుతుంది. కనీస సీజీపీఏ నిబంధన ఉన్నచోట్ల మాత్రం అది దాటకపోతే దరఖాస్తును చూడరు. గణితం, ఆల్గారిథమ్స్‌లో వచ్చిన సప్లీ గురించి ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉంది, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో తప్పిన సంగతిని పట్టించుకునేవారు అరుదు.

గైడ్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి?

‘గౌరవనీయులైన సర్, మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది’ అని యాభైమందికి ఒకే ఉత్తరం పంపితే యాభైమందీ చూడగానే తొలగిస్తారు. వారి పేపరు ఒకటి ఆర్‌కైవ్ (పరిశోధన పత్రాలను ఉచితంగా ఉంచే వెబ్‌సైట్) నుంచి తీసుకుని, కనీసం ఉపోద్ఘాతం, ఒక ప్రధాన నిరూపణ చదవండి. ఆ తరవాత మీకు కలిగిన నిజమైన సందేహాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయండి. ‘మీ ఆల్గారిథమ్‌లో గ్రాఫ్ బైపార్టైట్ అయితే ఈ రెండో మెట్టు అవసరమా?’ అన్న ఒక్క ప్రశ్న అరపేజీ పొగడ్త కంటే ఎక్కువ చెబుతుంది. మీ చదువు, పరీక్ష స్కోరు, ఎప్పుడు చేరగలరో ఒక పేరాలో ముగించండి. మన దేశంలో చాలా సంస్థల్లో ప్రవేశం కమిటీ ద్వారా జరుగుతుంది కాబట్టి, గైడ్ జవాబు ఇవ్వకపోయినా దరఖాస్తు మానకండి. యూరప్‌లో మాత్రం ఆ అధ్యాపకుడి అభిప్రాయమే చాలాసార్లు నిర్ణయాత్మకం.

గైడ్‌ను ఎంచుకునే ముందు వారి దగ్గర ఇప్పుడు చదువుతున్నవారితోనూ, పూర్తిచేసి వెళ్లినవారితోనూ మాట్లాడండి. సగటున ఎన్నేళ్లు పట్టింది, పేపర్లు ఎక్కడ వచ్చాయి, వారానికి ఒకసారైనా కూర్చుని మాట్లాడతారా అని అడగండి. ప్రచురణల జాబితా డీబీఎల్‌పీ అనే కంప్యూటర్ సైన్స్ ప్రచురణల సూచికలో అందరికీ కనిపిస్తుంది. స్టాక్, ఫాక్స్, సోడా, ఐకాల్ప్, ఈఎస్‌ఏ, ఐపీసీఓ, మన దేశంలో ఏటా డిసెంబరులో జరిగే ఎఫ్‌ఎస్‌టీటీసీఎస్ వంటి సమావేశాల పేర్లు అందులో కనిపిస్తే ఆ పని నిపుణుల పరిశీలనకు నిలిచిందని అర్థం.

కన్సల్టెన్సీలు పీహెచ్‌డీ సీటు, పేపర్లు ఇప్పిస్తామంటున్నాయి. నమ్మవచ్చా?

వద్దు. మాస్టర్స్‌కు పంపే కన్సల్టెన్సీల సహాయం వీసా కాగితాల వరకు పనికొస్తుందేమో గానీ, ఫెలోషిప్‌తో కూడిన పీహెచ్‌డీలో మధ్యవర్తికి చేయగలిగిన పనేమీ లేదు. డబ్బు మీకు ఇచ్చే చోట, మీ దగ్గర డబ్బు తీసుకుని సీటు ఇప్పిస్తామనే వ్యక్తి ఎందుకుంటాడో ఆలోచించండి. రుసుము కడితే వారంలో ప్రచురించే జర్నళ్లలో మీ పేరు కనిపిస్తే, మంచి బృందాల దృష్టిలో అది లోపంగానే మిగులుతుంది. ఈ రంగంలో దరఖాస్తు నాటికి పేపరు లేకపోవడం తప్పేమీ కాదు. పైగా యూజీసీ 2022 నిబంధనలు థీసిస్ సమర్పణకు ముందు తప్పనిసరి ప్రచురణ అన్న షరతును కూడా తొలగించాయి.

ఫెలోషిప్ గడువు ముగిసేనాటికి థీసిస్ పూర్తి కాకపోతే?

యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఫెలోషిప్ మాత్రం ఎక్కువచోట్ల ఐదేళ్లే. ఆ మధ్య కాలానికి కొన్ని సంస్థలు పరిమితంగా సాయం చేస్తాయి, కొన్నిచోట్ల గైడ్ ప్రాజెక్టు నుంచి సర్దుతారు, చాలాచోట్ల ఏదీ ఉండదు. నాలుగో ఏట నుంచే ఈ లెక్క గైడ్‌తో మాట్లాడుకోండి. సిద్ధాంత పరిశోధనలో ఏడాది పాటు పట్టుకున్న సమస్య లొంగకపోవడం సాధారణం కాబట్టి, ఒక కఠినమైన సమస్యతో పాటు అందుబాటులో ఉండే చిన్న సమస్య ఒకటి పక్కన నడుస్తూ ఉండాలి.

తరవాత ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో అదే అడుగుతున్నారు.

ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కొత్త విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఉద్యోగం ఒక దారి. దానికి ముందు విదేశంలో ఒకటి రెండేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరవాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేయడం ఇప్పుడు దాదాపు ఆనవాయితీ. పరిశోధన ప్రయోగశాలలు, సరుకు రవాణా, ఆన్‌లైన్ వ్యాపారం, చిప్ రూపకల్పన, ఆర్థిక సంస్థలు రెండో దారి. బీటెక్ అవగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన స్నేహితుడు ఐదేళ్లలో సంపాదించేదాన్ని పీహెచ్‌డీ విద్యార్థి సంపాదించలేడు. ఈ మాట ఇంట్లో దాచకుండా ముందే చెప్పడం మంచిది. అమ్మాయిలకు పెళ్లి ప్రస్తావన కూడా ఇదే సమయంలో వస్తుంది. యూజీసీ నిబంధనలు మహిళలకు గరిష్ఠ కాలంలో రెండేళ్ల సడలింపు, ప్రసూతి సెలవు ఇస్తున్నాయి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు నెలకు ఎంత వస్తుందో, ఎన్నేళ్లు వస్తుందో రాసి ఉన్న ఆఫర్ లెటర్ చూపిస్తే సగం సందేహాలు తీరతాయి.

రెండు చోట్ల నుంచి ఆఫర్లు వస్తే నిర్ణయానికి ఎంత సమయం ఉంటుంది?

అమెరికాలో ఎక్కువ విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు సమయం ఇస్తాయి, అంతకు ముందే ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదన్నది వాటి మధ్య ఉన్న ఒప్పందం. యూరప్‌లో వారం రెండు వారాలే ఇవ్వవచ్చు. మన సంస్థల్లో ఫలితాలు ఎక్కువగా మే, జూన్‌లలో వచ్చి, సీటు ఖాయం చేసుకునే గడువు తక్కువగా ఉంటుంది. ఒకచోట చేరుతామని రాసి ఇచ్చాక మనసు మారితే, ఆ సంగతి వెంటనే తెలియజేయండి. మీరు ఖాళీ చేసిన ఫెలోషిప్ నిరీక్షణ జాబితాలో తరవాత ఉన్న విద్యార్థికి వెళుతుంది, చేరవలసిన తేదీ దాటాక చెబితే చాలాచోట్ల అది ఆ ఏటికి ఎవరికీ దక్కదు.